తొంభై గ్రాముల తేడా

నిరుడు వేసవి సెలవులకు పది రోజుల ముందు మా ఇంట్లో చేతి గొడ్డలి పోయింది. నా జీవితంలో కలిసొచ్చిన రోజులు ఏవని ఎవరైనా అడిగితే, ఆ రోజును తప్పకుండా చెబుతాను. మీరు నవ్వినా సరే!

ఎలా పోయిందంటే, మా ఆవిడ కన్నుమూసిన రెండు నెలలకు, ఆవిడ కొండ ఎక్కేటప్పుడు వేసుకునే సంచిని పాత సామాన్లు తీసుకునే కేంద్రంలో ఇచ్చి వచ్చాను. బల్ల వెనక కూర్చున్నావిడ, "జేబులన్నీ చూసుకున్నారా అండీ?" అని అడిగింది. "చూశాను" అన్నాను. చూడలేదు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు పేపరు ఇచ్చేముందు సరిచూసుకోమని చెబుతున్నవాణ్ణి, నా వంతు వచ్చేసరికి జిప్పు మీద చెయ్యి కూడా వెయ్యలేకపోయాను. గొడ్డలి పక్క జేబులోనే ఉందని ఇంటికొచ్చాక అమ్మాయి చెప్పింది. మర్నాడు వెళ్ళేసరికి సంచిని ఎవరో తీసుకెళ్ళిపోయారు.

కనుక కొత్తది కొనాలి. అదిగో, నా అదృష్టం అక్కడ మొదలైంది.

కొండకు పట్టుకెళ్ళే తేలికపాటి చేతి గొడ్డళ్ళు ఎన్ని రకాలున్నాయో మీకు తెలుసా? నేను లెక్కపెట్టినంత వరకు నాలుగు వందల పన్నెండు! వెనకటివాళ్ళను తలుచుకుంటే జాలేస్తుంది. గొడ్డలి కావాలంటే కమ్మరి దగ్గరికి వెళ్ళేవారు. ఉన్నది తెచ్చుకునేవారు. ఆ సాయంత్రానికే కట్టెలు కొట్టేసేవారు. అదీ ఒక బతుకేనా? ఆలోచించుకోవడానికి వాళ్ళకు సమయమేది?

నాకు ఏడాది దొరికింది.

ఈ ఏడాదిలో నేను చదివిన రివ్యూలు రెండువేల పైచిలుకు. ఒకాయన అట్టపెట్టె తడిసి వచ్చిందని గొడ్డలికి ఒక్క స్టారు ఇచ్చాడు. ఇంకొకాయన, "చాలా బాగుంది, ఇంకా పెట్టె విప్పలేదు" అని అయిదు స్టార్లూ ఇచ్చేశాడు. ఒకావిడ, "బావగారికి కానుకగా ఇచ్చాను, అప్పట్నుంచీ మాతో మర్యాదగా ఉంటున్నారు" అని రాసింది. ఇంత మానవ స్వభావం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది చెప్పండి?

వీడియోల సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్ద గడ్డం ఉన్న ఒకాయన గొడ్డలితో ముంజేతి మీది వెంట్రుకలు గొరుగుతాడు, టమాటాలు తరుగుతాడు, నలభై నిమిషాలు మాట్లాడి చివరికి "మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి" అంటాడు. నా అవసరమేమిటో తెలిస్తే నలభై నిమిషాలు ఆయన గడ్డం ఎందుకు చూస్తాను?

నా ఫోను కూడా నాలో కొత్త మనిషిని కనిపెట్టింది. గొడ్డళ్ళు వెతికిన వారానికే తాడు, పార, పెద్ద ప్లాస్టిక్ పట్టా చూపించడం మొదలుపెట్టింది. నా గురించి అది ఏమనుకుంటోందో గాని, నన్ను ఇంత సమర్థుడిగా ఇంతవరకు ఎవరూ భావించలేదు.

ఇక స్టాఫ్‌రూము! గొడ్డలికి పట్టుకునే కర్రను కామ అంటారు. ఆ కామ చెక్కదా, ఫైబరుదా అన్న ఒక్క ప్రశ్న మీద మా బడి రెండుగా చీలింది. చెక్క పక్షానికి డ్రిల్లు మాస్టారు నాయకుడు. ఫైబరు పక్షానికి సైన్సు టీచరమ్మ. మేడ మెట్లెక్కితేనే ఇద్దరూ ఆయాసపడతారు.

"చెక్కయితే దెబ్బ అదురు చేతికి తెలీదండీ" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"వానకి నాని, ఎండకి కుంచించుకుపోయి, తల ఊడి నెత్తిన పడుతుంది. అప్పుడు తెలుస్తుంది లెండి!" అంది టీచరమ్మ.

బల్లమీద టీలు చల్లారిపోయాయి. ఇరవై ఏళ్ళుగా సెలవుల జాబితా తప్ప మరో విషయం మాట్లాడుకోని మనుషులు! నా దుఃఖాన్ని ఎలా పలకరించాలో తెలియక నన్ను తప్పించుకు తిరిగినవాళ్ళు కూడా గొడ్డలి సంగతి అడగడానికి వచ్చి కూర్చునేవారు. చెప్పండి, ఇది వరం కాదా?

నేను ఒక నోటుబుక్కు పెట్టాను. ఎర్ర సిరాతో మార్జిన్ గీశాను. పదునుకు ముప్ఫై, కామకు ఇరవై, తొడుగుకు పది, బరువుకు నలభై మార్కులు. ప్రతి గొడ్డలినీ దిద్దాను. ఏదీ ఫెయిలు కాలేదు, ఏదీ ఫస్టు రాలేదు. రీవాల్యుయేషన్ పెట్టాను. మొదటి రెండింటికీ తేడా తొంభై గ్రాములని తేలింది.

తొంభై గ్రాములంటే మాటలా? ఆ తొంభై గ్రాములను సరిపెట్టడానికి నా పళ్ళ బ్రష్షును రంపంతో సగానికి కోశాను. తువ్వాలును సగం చేశాను. ఆరు నెలలుగా ఇంట్లోనే సగం బ్రష్షుతో తోముకుని, సగం తువ్వాలుతో తుడుచుకుంటున్నాను.

"నాన్నా, ఆ తొంభై గ్రాములేవో నీ పొట్టలో తగ్గించొచ్చుగా?" అంది మా అమ్మాయి.

శాస్త్రీయ దృష్టి లేని మాట. నేను పట్టించుకోలేదు.

మా అమ్మాయి ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. సెలవు దొరకడం కష్టం. ఏటా ముగ్గురం కొండమీద టెంటు వేసుకుని రెండు రోజులు ఉండేవాళ్ళం. ఈసారి మనిద్దరమైనా వెళ్దామని తన పట్టు. నా పరిశోధన మధ్యలో ఉందని రెండుసార్లు సెలవు పెట్టి రద్దు చేసుకుంది. ఒకసారి కొత్త మోడలు వస్తోందన్నారు. ఇంకోసారి గడ్డం ఆయన మాట మార్చాడు. మూడోసారి సెలవు అడిగితే, వాళ్ళ పై అధికారి, ఇది కూడా వదులుకుంటే మళ్ళీ ఏడాది దాకా అడగొద్దని చెప్పాడట.

నిన్న శనివారం నన్ను రెక్క పుచ్చుకుని కొండ సామాన్ల దుకాణానికి తీసుకెళ్ళింది. నేను నోటుబుక్కు పట్టుకెళ్ళాను.

దుకాణదారు ఓపికమంతుడు. నా పట్టికలన్నీ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఇంతకీ మీ పాతది ఎంత బరువుండేది మాస్టారూ?"

పన్నెండు నెలల పరిశోధనలో ఆ గడి లేదు.

కొండకు వెళ్ళేటప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. టెంటు నేను మోసేవాణ్ణి. గొడ్డలి, గిన్నెలు ఆవిడ సంచిలో వెళ్ళేవి. పైకి చేరాక గొడ్డలి నా చేతికిచ్చేది. నేను కట్టెలు కొట్టేవాణ్ణి. పని కాగానే ఆవిడే తుడిచి, తొడుగు వేసి, మళ్ళీ తన సంచిలో పెట్టుకునేది. పంతొమ్మిదేళ్ళు.

"ఏడొందల ఇరవై గ్రాములు" అంది అమ్మాయి. "అమ్మ వంటింటి త్రాసు మీద తూచింది."

"నాతో ఎప్పుడూ అనలేదే?"

"నువ్వు అడిగితేగా నాన్నా! టెంటు ఎంత బరువో చెప్పుకోడానికే నీకు దారంతా సరిపోయేది."

దుకాణదారుకు ఉన్నట్టుండి పక్క అరలో ఏదో సర్దాల్సిన పని పడింది.

నా నాలుగు వందల పన్నెండులో అంత బరువైనది ఒక్కటీ లేదు. అలాంటివాటిని బరువని మొదటి వారమే జాబితాలోంచి కొట్టేశాను. కట్టె మీద వేటు వేసేటప్పుడు గొడ్డలి ఎంత బరువుంటే అంత సుఖం. అది మోయాల్సింది కొండ ఎక్కేటప్పుడు. వేటు వేసినవాణ్ణి నేనే గాని, మోసినవాణ్ణి కాను.

దుకాణదారు లోపల్నుంచి ఒకటి తెచ్చాడు. చెక్క కామ. కొంచెం బరువైనదే. దానికి రివ్యూల్లేవు, నా పట్టికలో పేరే లేదు. కొనేశాను.

బయటికి వచ్చాక అమ్మాయి, "ఇంక తేదీ చెప్పు నాన్నా. సోమవారం లోపు లీవు లెటరు ఇవ్వాలి" అంది.

"టార్చిలైటు కూడా కొంచెం చూడాలమ్మా" అన్నాను.

అమ్మాయి నావైపు చూసింది. నా చేతిలోని నోటుబుక్కు తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.

అందుకే మనవి చేస్తున్నాను. ఇన్ని రకాలుండడం మన కాలం చేసుకున్న పుణ్యం. వెనకటి రోజుల్లో ఏడాది పాటు ప్రయాణం వాయిదా వేసే మనిషిని చూసి భయపడుతున్నాడని కనిపెట్టేసేవారు. ఇప్పుడు జాగ్రత్తపరుడంటారు. సలహాలిస్తారు, లింకులు పంపుతారు! గొడ్డలి ఒక్కటే రకం ఉండి ఉంటే, నిరుడే కొండ ఎక్కాల్సి వచ్చేది. పొద్దున్నే పొయ్యి రాజేసి, సంచిలోంచి టీ గ్లాసులు రెండే తియ్యాల్సి వచ్చేది. ఎంత గండం తప్పిందో చూశారా?

టార్చిలైట్లు ఆరు వందల రకాలున్నాయట.

ఇవాళ ఆదివారం. అమ్మాయికి తేదీ ఇంకా చెప్పలేదు.