తాతగారి మీసానికి వైద్యం

ఆ ఆదివారం ఉదయం కొత్త కోడలి పథకం చాలా చిన్నది. కంటి ఆపరేషన్ చేయించుకున్న నాయనమ్మగారిని మామగారు మధ్యాహ్నానికి ఇంటికి తీసుకొస్తారు. ఈలోగా హాల్లోని తాతగారి నూనెరంగుల చిత్రాన్ని శుభ్రం చెయ్యాలి. దాని మీది వార్నిష్ ఏళ్ల తరబడి పొగచూరి, తాతగారికి కామెర్లు వచ్చినట్టుంది. నాయనమ్మగారి కంట్లో శుక్లం పోయాక తాతగారి ముఖం మీద శుక్లం ఉండిపోవడం ఆమెకు అన్యాయమనిపించింది. కొత్త చూపుతో ఆవిడ మొదట వెతుక్కునేది ఆ ముఖాన్నే కదా.

పాత చిత్రాలకు వైద్యం చెయ్యడమే మ్యూజియంలో ఆమె ఉద్యోగం. అందుకే పెళ్లైన వారానికే భర్త ఆమెకు డాక్టరమ్మ అని పేరు పెట్టేశాడు. ఆ పిలుపు వినడానికని ఆమె ఒక్కోసారి పనేమీ లేకపోయినా పక్కగదిలోకి వెళ్లి నిలబడేది.

చిత్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి, పుల్లకు దూది చుట్టి, నోట్లో పెట్టుకుని తడిచేసి, తాతగారి నుదుటి మీద మెల్లగా దొర్లించింది. దూది గోధుమరంగుకు తిరిగింది. ఆ దూది పారేసి కొత్తది చుట్టింది. తాతగారి నుదురు తెల్లవారుతుంటే ఆమెకు ఈల వేయాలనిపించింది. సరిగ్గా అప్పుడే అత్తగారు కాఫీ తెచ్చారు.

"అమ్మాయ్, నువ్వు మా మామగారి మీద ఉమ్మేస్తున్నావా?"

"ఉమ్మడం కాదత్తయ్యా, ఊరికే తడి. అంటే... ఉమ్మే. కానీ చాలా మంచిది."

అత్తగారు కాఫీ కప్పును కొంగు చాటుకు లాక్కున్నారు. భార్యను ఆదుకుందామని భర్త వచ్చాడు.

"అది శాస్త్రం అమ్మా. మ్యూజియంలో తను రోజంతా చేసేది ఇదే. జీతం కూడా ఇస్తారు."

"ఉమ్మినందుకా?"

"మరి? పెద్ద పెద్ద రాజుల మీద కూడా ఉమ్మింది."

కోడలు అతని కాలు తొక్కింది. లాలాజలం మురికిని మెల్లగా వదిలిస్తుందనీ, నూనెరంగు జోలికి పోదనీ అత్తగారికి వివరించింది. ఇది తెలియక పూర్వం కొందరు ఉల్లిపాయలతో, బంగాళదుంపలతో రుద్ది మంచి మంచి చిత్రాలను పాడుచేశారని కూడా చెప్పింది. అంతా విన్న అత్తగారికి ఉల్లిపాయ ఒక్కటే నచ్చింది.

"చూశావా, పెద్దవాళ్లు ఎంత శుభ్రంగా చేసేవాళ్లో," అంటూ వంటింట్లోకి నడిచారు.

కోడలు ఉల్లిపాయను ఆపడానికి వెనకే పరుగెత్తింది. ఆమె వచ్చేలోగా ఓ చెయ్యి వేద్దామని భర్తకు బుద్ధి పుట్టింది. దూదిని ధారాళంగా తడిపి తాతగారి మీసం మీద రుద్దాడు. అది మామూలు మీసం కాదు. ఆ ఇంటి పరువంతా దాని రెండు కొనల మీదే నిలబడి ఉంది. మామగారిదీ అదే మీసం, అతనిదీ అదే మీసం.

"డాక్టరమ్మా," అని సన్నగా పిలిచాడు. "ఓసారి వస్తావా. తాతయ్యకి ఎడమవైపు తగ్గింది."

కోడలు, వెనకే అత్తగారు వచ్చి చూస్తే సగం మీసం దూదికి అంటుకుని ఉంది. మీసం పోయినచోట నున్నటి కుర్ర పెదవి నవ్వుతోంది.

"నూనెరంగైతే ఇలా రాదండీ," అంది కోడలు వంగి చూస్తూ. "ఈ మీసం చిత్రకారుడు వేసింది కాదు. తర్వాతెవరో వార్నిష్ మీద దిద్దారు."

"మీసం మా మామగారిది కాదంటావా?" అన్నారు అత్తగారు. "కాపరానికొచ్చినప్పట్నుంచీ ఆ మీసానికే కదమ్మా భయపడుతున్నా. అత్తయ్యగారు చూస్తే తట్టుకోలేరు. ఇదిగో నా కనుబొమల పెన్సిలు, దిద్దెయ్యి."

చిత్రాన్ని అసలు రూపానికి తేవాలా, తర్వాత చేరిన మార్పును కూడా చరిత్రేనని గౌరవించాలా అని ఈ విద్యలో పెద్దలు తరతరాలుగా తగవులాడుకుంటున్నారు. కోడలికి మాత్రం అంత తీరిక దొరకలేదు. వీధిలో కారు హారన్ మోగింది. అత్తగారు చేతికందిన దుప్పటి తీసి చిత్రం మీద నిండా కప్పేశారు.

నల్లకళ్లద్దాలతో నాయనమ్మగారు లోపలికొచ్చి, గోడ చూసి, బల్ల చూశారు.

"పోయినాయనకు మళ్లీ దుప్పటి కప్పారేంటర్రా?"

కోడలే ముందుకొచ్చి దుప్పటి తీసింది. "మీరు చక్కగా చూడాలని శుభ్రం చెయ్యబోయా నాయనమ్మా. సగం మీసం పోయింది."

"తీసింది తను కాదు, నేను," అన్నాడు భర్త.

"అంతకుముందు ఉమ్మింది మాత్రం తనే," అన్నారు అత్తగారు.

నాయనమ్మగారు కళ్లద్దాలు తీసి చాలాసేపు చూశారు. కోడలికి గొంతు ఎండిపోయింది. కావాలన్నా ఇప్పుడు దూది తడవదు.

"ఈ పెదవి చూసి ఎన్నాళ్లైందో," అన్నారావిడ. "పెళ్లికి ముందు గీయించుకున్న బొమ్మ ఇది. పెళ్లైన కొత్తల్లో ఓ రోజు మాటామాటా పెరిగింది. కోపమొచ్చి, లాంతరు మసిలో ఉమ్మి కలిపి మీసం దిద్దేశా. ఆయనొచ్చి చూసి, నాకలా ఉంటే ఇష్టమేమో అనుకుని నిజంగానే పెంచేశారు."

"ఇష్టమైందా నాయనమ్మా?"

"గుచ్చుకునేది. అంత ముచ్చటపడి పెంచారు, ఎలా చెప్పను?"

మామగారి చెయ్యి తన మీసం మీదకు వెళ్లి, ఏం చెయ్యాలో తోచక అక్కడే ఆగిపోయింది.

నాయనమ్మగారు అత్తగారి వైపు తిరిగారు. "ఆయన మీద ఉమ్మడం ఈ ఇంట్లో నేనే మొదలుపెట్టా. పిల్ల పద్ధతిగానే ఉంది."

"మిగతా సగం కూడా తీసెయ్యనా?" అంది కోడలు, ఆనందాన్ని లోపలే అణుచుకుంటూ.

"తియ్యి. కానీ ఎప్పుడైనా కోపమొచ్చి మళ్లీ పెట్టాలనిపిస్తే?"

"పెట్టొచ్చు నాయనమ్మా. కావాలంటే మళ్లీ తుడిచెయ్యొచ్చు. ఏం చేసినా వెనక్కి తీసుకునేలా చెయ్యాలన్నది మా పనిలో మొదటి నియమం."

"కాపరానికొచ్చేటప్పుడు ఇంత మంచి నియమం నాకెవరూ చెప్పలేదు," అన్నారు అత్తగారు.

"అయితే రంగు నువ్వియ్యి," అన్నారు నాయనమ్మగారు. "దిద్దడం నేను చూసుకుంటా."

ఇప్పుడు ఆ ఇంటికొచ్చే చుట్టాలు గుమ్మంలోంచే తాతగారిని చూస్తారు. మీసం ఉంటే, చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్లిపోతారు.