మంత్రిగారి తరఫు రక్తం

పెద్దపేగు కాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకునే ప్రతి పౌరుడికీ ఇకమీదట ముందుగా రక్తం పరీక్షించి, ఒంట్లో మంట ఎంతుందో కొలిచి, ఆపరేషన్ తర్వాత బతికి బట్టకట్టే అవకాశం ఏమాత్రమో శాస్త్రీయంగా అంచనా వేస్తామని ఆరోగ్యశాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. పథకం పేరు ‘నెత్తుటి మాట’.

“ప్రజలతో నాది పేగుబంధం. వాళ్ళ పేగుకి కష్టమొస్తే నా కడుపు తరుక్కుపోతుంది” అన్నారు. అని, కడుపు పట్టుకున్నారు. చప్పట్లు మోగాయి. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నారు. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. వెనక వరసలో నిలబడ్డ పి.ఏ.కి మాత్రం అనుమానమొచ్చింది. ప్రసంగం రాసింది అతనే. అందులో కడుపు పట్టుకోవడం లేదు.

స్కానింగ్‌లో తేలింది. మంత్రిగారి పెద్దపేగులోనే గడ్డ. తొందరగానే బయటపడింది కనుక కోసి తీసేస్తే సరిపోతుందని సర్జన్ గారు చెప్పేసి వెళ్ళారు. ఆవిడ మాటలు కూడా కత్తితో కోసినట్టే ఉంటాయి. మంత్రిగారు నీరుగారిపోయారు. ఇన్నేళ్ళ రాజకీయ జీవితంలో ఆయన కోతలు కోయడమే గానీ కోయించుకోవడం ఎరగరు.

“నువ్వేమైనా చూసుకోగలవా?” అని పి.ఏ.ని అడిగారు.

“ఈ ఒక్కటీ మీరే చూసుకోవాలి సార్.”

అలా అడగడంలో వింతేమీ లేదు. ఆ ఆఫీసు నడిచే పద్ధతే అది. మంత్రిగారి తరఫున ఫైళ్ళు చదివేది పి.ఏ. పరామర్శకు వెళ్ళి కళ్ళు తుడుచుకునేది పి.ఏ. మంత్రిగారి అమ్మాయి చదువుకునే రోజుల్లో బడికి వెళ్ళి టీచరుతో చివాట్లు తిన్నదీ పి.ఏ.యే. ఒకసారి మంత్రిగారు ఎవరికో క్షమాపణ చెప్పాల్సొస్తే, పి.ఏ. వెళ్ళి చెప్పొచ్చాడు. అవతలివాళ్ళ పి.ఏ. దాన్ని మన్నించాడు.

కాబట్టి లాబ్ టెక్నీషియన్ సూదీ గొట్టాలూ పట్టుకుని మంత్రిగారి చాంబర్‌కి వచ్చినప్పుడు, ప్రజల కోసం ఆఖరి రక్తపు బొట్టు దాకా ధారపోస్తానని ప్రతి సభలోనూ చెప్పే ఆ మహానుభావుడు, మొదటి బొట్టు దగ్గరే ఫోనొచ్చిందని పక్కగదిలోకి వెళ్ళిపోయారు. ఫోను బల్లమీదే ఉంది. టెక్నీషియన్ కుర్రవాడికి మంత్రిగారు పోస్టర్లలోనే పరిచయం. ఆ పోస్టర్లలో ఉన్నది ఆయన పెళ్ళినాటి మొహం. అందుకని ఆ గదిలో చొక్కా చెయ్యి పైకి మడిచినవాడే మంత్రి అనుకున్నాడు. మడిచినవాడు పి.ఏ. మంత్రిగారికి చెయ్యిచ్చినవాళ్ళు పార్టీలో కొల్లలు. నిజంగా చెయ్యి ఇచ్చినవాడు ఇతనొక్కడే.

నంబరు ఎనిమిది వచ్చింది.

సర్జన్ గారు విడమరిచి చెప్పారు. రక్తంలో తెల్లకణాలు రకరకాలు. ఎక్కడ గొడవైనా ముందు గుంపుగా పరిగెత్తి మంట రేపేవి ఒక రకం. నెమ్మదిగా, ఎవరు శత్రువో గుర్తుపట్టి పనిచేసేవి ఇంకో రకం. మొదటివాటిని రెండోవాటితో భాగిస్తే వచ్చేదే ఈ నంబరు. తక్కువైతే మంచిది.

“అంటే మా పార్టీలాగే. నినాదాలిచ్చేవాళ్ళు బోలెడుమంది, పనిచేసేవాళ్ళు గుప్పెడుమంది” అన్నారు మంత్రిగారు, చప్పున అర్థం చేసుకుని.

ఎనిమిది మాత్రం బాగా ఎక్కువేనట. అలాగని అది జాతకం కాదనీ, ఇలాంటి నంబరున్న వందలమందిని చూసి, ఎవర్ని ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలో తెలుసుకునేందుకు పనికొచ్చే గుర్తు మాత్రమేననీ ఆవిడ అన్నారు. ఇంకెక్కడైనా చీముందేమో వెతకాలి, బలమైన తిండి పెట్టాలి, అప్పటిదాకా ఆపరేషన్ వాయిదా. చివరి మాట విన్నాక మంత్రిగారి మొహంలో వెలుగొచ్చింది.

ఆవిడ వెళ్ళగానే పి.ఏ. తలుపు వేశాడు. “సార్, అది నా రక్తం. గడ్డ మీలో ఉంది. ఆగితే పెరుగుతుంది. చెప్పేద్దాం సార్.”

“ఎవరి తరఫున ఇచ్చావు?”

“మీ తరఫునే సార్.”

“మరి?”

పి.ఏ. వేసిన తలుపు మళ్ళీ తీశాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ‘మరి?’ని దాటి ఎప్పుడూ వెళ్ళలేదు.

నంబరు సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాటి నుంచీ ‘స్కోరెంత?’ అని కార్యకర్తలు ఒకళ్ళనొకళ్ళు అడగడం మొదలుపెట్టారు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడే జనం పల్చబడి, మంత్రిగారి బావమరిది గేటు దగ్గర చిక్కబడ్డారు. బావమరిది యువజన విభాగం అధ్యక్షుడు. యువకుడిగా ఉండటం మానేసి చాలాకాలమైనా ఆ పదవి మానలేదు. పరామర్శకని చాంబర్‌కి వచ్చి, బావగారి కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. ఊరికే, ఎత్తు సరిపోతుందో లేదోనని. పోతూ పోతూ కర్టెన్లు ముదురు రంగైతే బాగుంటుందని సలహా ఇచ్చాడు.

“వాడి కడుపుమంట కొలిచే మిషను లేదా?” అన్నారు మంత్రిగారు, గుడ్డు ఒలుచుకుంటూ. ఆయన రోజూ గుడ్లూ పాలూ పప్పులూ శ్రద్ధగా లాగిస్తూ, దవడలు నిండి, నిగనిగలాడుతున్నారు. పళ్ళెం అందిస్తూ నిలబడే పి.ఏ.కి ఆకలి వెయ్యడం మానేసి చాలా రోజులైంది. బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించుకున్నాడు. కొంతకాలంగా తిన్నది ఇమడటం లేదు. ఈ మధ్య కడుపులో ఒక పక్క కలుక్కుమంటోంది. గాస్ అనుకున్నాడు. ప్రభుత్వంలో పనిచేసేవాడికి గాస్ సహజం.

ఇంట్లో భార్యకి ఎనిమిది సంగతి చెప్పాడు. ఎవరిదంటే మంత్రిగారిదన్నాడు.

“పాపం, వేళకి తినమని పోరేవాళ్ళు ఆయనకెవరూ లేరు కాబోలు” అందామె. అతని పళ్ళెంలో అలాగే ఉన్న అన్నం వైపు చూస్తూ అంది.

చీము వెతికి వెతికి ఎక్కడా దొరక్క సర్జన్ గారికి విసుగొచ్చింది. ఇక ఆగేది లేదని ముహూర్తం పెట్టేశారు. ముందురోజు తనే సూది పట్టుకుని వచ్చి, పి.ఏ.ని బయటికి పంపి, తలుపు గడియ వేశారు. లోపలి నుంచి ఒక ఆర్తనాదం వినిపించింది. అది ప్రజల కోసం కాదని గొంతులోనే తెలుస్తోంది.

నంబరు రెండు.

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. గడ్డ పోయింది, మంత్రిగారు ఉన్నారు. కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట, బావమరిది ఎక్కడున్నాడని. పూలగుత్తితో మంచం పక్కనే ఉన్నాడు. జనం కూడా మళ్ళీ పాత గేటు దగ్గర చిక్కబడ్డారు. ‘ఎనిమిది నుంచి రెండుకి! నెత్తుటి మాట తొలి విజయం’ అని ఊరంతా బానర్లు వెలిశాయి. ఏ ప్రభుత్వమూ దేన్నీ ఇంత వేగంగా తగ్గించలేదని పత్రికలు రాశాయి.

సర్జన్ గారు వరండాలో పి.ఏ.ని ఆపారు.

“మనిషిలో మంట తగ్గుతుంది. బ్లడ్ గ్రూపు మారదు. మొదటిసారి చెయ్యి ఎవరిది?”

పి.ఏ. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

ఆవిడ అతని బెల్టు వైపు చూశారు, కొత్త బెజ్జం వైపు. ఎన్నాళ్ళనుంచి చిక్కుతున్నారని అడిగారు. కడుపులో నొప్పుందా అని అడిగారు. ఎప్పుడైనా రక్తం పడిందా అని అడిగారు. మూడోదానికి అతను నేల చూశాడు. అప్పుడావిడ గొంతు మొదటిసారి మెత్తబడింది. నంబరు ఒక్కదానితో ఏమీ తేలదనీ, అది పెరగడానికి కారణం పిప్పిపన్నైనా కావచ్చుననీ, కాకపోవచ్చుననీ, చూడకుండా వదిలేసేది మాత్రం కాదనీ అన్నారు. మళ్ళీ రక్తం తీయాలి, ఆ తర్వాత పేగులోకి గొట్టం వేసి చూడాలి.

“రేపు పొద్దున్న తొమ్మిదికల్లా లాబ్‌లో ఉండాలి. నేనే ఉంటాను. మంత్రిగారితో చెప్పమంటే నేను చెప్తాను.”

“వద్దు డాక్టరుగారూ. రేపు తప్పకుండా జరిగిపోతుంది” అన్నాడు పి.ఏ. నిజంగానే భయపడ్డాడు. ఆ రాత్రి పెళ్ళాంతో అంతా చెప్పాడు. ఆమె కళ్ళొత్తుకుని, వెళ్తానని మాటివ్వమంది. తొమ్మిదికి లాబ్ పని అయిపోతుందని మాటిచ్చాడు.

పొద్దున్న తొమ్మిదికే మంత్రిగారు డిశ్చార్జి. ఆస్పత్రి మెట్ల మీదే ప్రెస్‌మీట్. కాగితం అందించడానికి, మధ్యలో మాట మర్చిపోతే వెనకనుంచి చెప్పడానికి మనిషి కావాలి. పి.ఏ. చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఏ పనీ చెడని ఉపాయం తట్టింది. మనసు తేలికపడి, మైకు సరిచేశాడు.

“నా ఆరోగ్యాన్ని నేను ఎవరికో వదిలేయలేదు. మీరూ వదిలేయకండి” అని మంత్రిగారు చదువుతున్నారు. చప్పట్ల మధ్య పి.ఏ. జేబులో ఫోను కదిలింది. లాబ్ నుంచి సర్జన్ గారు.

“ఇక్కడ మీ ఆఫీసు డ్రైవరు చొక్కా చెయ్యి మడుచుకుని కూర్చున్నాడు.”

పి.ఏ. మైకుకి దూరంగా జరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“తీసుకోండి డాక్టరుగారూ. చాలా నమ్మకమైన మనిషి.”