బావమరిదికిచ్చిన లాప్‌టాప్

పొద్దున్నే టీ తాగుతూ అల్మారాలాయన ఇంట్లో లాప్‌టాప్‌కు కాలం చెల్లిపోయిందని ప్రకటించాడు. వంటిళ్ళకు అల్మారాలు డిజైన్ చేసే కంపెనీలో పనిచేస్తాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ముందురోజు కొన్న ట్యాబ్లెట్ బల్ల మీద తళతళలాడుతోంది. దాని పక్కనే, ఇన్నేళ్ళూ ఆయన వెంట ఇల్లిల్లూ తిరిగి మూలలరిగిన చిన్న లాప్‌టాప్ బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

"ఇదిగో కీబోర్డు. ఇదిగో పెన్ను. ఇంకా ఆ డొక్కుతో నాకేం పని?" అన్నాడు.

"డొక్కో గిక్కో, ఇవాళ్టికి దాన్ని కూడా సంచిలో పడేసుకోండి. అసలే పెద్ద పని మీద వెళ్తున్నారు," అంది భార్య.

"రెండూ మోసుకుని తిరిగేదానికి ఇది కొనడం ఎందుకూ? అది చేసే ప్రతి పనీ ఇది చేస్తుంది. పైగా వేలు తగిలితే చాలు, పలుకుతుంది."

"వేలు తగలకుండానే పలికే మనిషిని ఇంట్లో ఉన్నాను. నా మాట వింటే చాలదూ?"

ఆ ఇంట్లో ఆయన మాట నెగ్గి చాలా కాలమైంది. అప్పుడెప్పుడో, ఇల్లంతా తనంతట తానే తుడిచే గుండ్రటి యంత్రమొకటి తెచ్చి, ఇక చీపురుతో పనిలేదని ఇలాగే ప్రకటించాడు. ఆ యంత్రం మంచం కిందికి దూరి ఇవతలికి రానని మొరాయించింది. దాన్ని బయటికి లాగడానికి చీపురే కావలసి వచ్చింది. ఆనాటి నుంచి ఆయన ఏది కొనుక్కొచ్చినా భార్య ఏమీ అనదు. తలుపు మూలనున్న చీపురు వైపు ఓసారి చూస్తుంది, అంతే. ఇప్పుడూ చూసింది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క వస్తువు విషయంలోనైనా, ఒక్కసారైనా ఈ ఇంట్లో తన మాట నిజమై తీరాలని పట్టుదల వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే బావమరిది దిగాడు. అతనికి ఇంట్లో పేరు ఉపకారి. ఎవరూ అడక్కుండానే సాయం చేస్తాడు. చిక్కల్లా అదే. ఓసారి బావగారి తోలు బూట్లు దుమ్ము పట్టాయని జాలిపడి బట్టల మిషన్‌లో వేసి ఉతికాడు. ఈ మధ్యే విడిగా ఒంటిగది అద్దెకు తీసుకున్నాడు, ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకోవడానికి ఏదైనా పాత లాప్‌టాప్ దొరుకుతుందా అని వెతుక్కుంటున్నాడు.

"వెతకడం ఎందుకోయ్? ఇది నీదే, తీసుకో," అన్నాడు అల్మారాలాయన, భార్య వైపు చూస్తూ.

"సాయంత్రం దాకా ఆగండీ!" అంది ఆమె.

"ఆగేదేం లేదు. ఒరేయ్, అందులో పాత సామానంతా తీసేసి నీకు కావలసినట్టు పెట్టుకో."

"అలాగే బావా!" అంటూ ఉపకారి లాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని, ఎక్కడ మనసు మారుతుందో అన్నట్టు గబగబా మెట్లు దిగిపోయాడు.

ట్యాబ్లెట్ అమ్మినాయన ముందురోజే చెప్పాడు: "రెండింటికీ ఒకటే అకౌంట్ పెట్టాను సార్. ఒకదాంట్లో ఏం మార్చినా రెండోదాంట్లో అప్పటికప్పుడు మారిపోతుంది." ఆ సంగతి అల్మారాలాయన ఇంటికొచ్చి, తానే కనిపెట్టినంత గొప్పగా భార్యకు వినిపించాడు కూడా. లాప్‌టాప్ చేతులు మారేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు.

ఆ రోజు పని నిజంగానే పెద్దది. జీవితమంతా వంతెనలు కట్టి రిటైరైన ఒక ఇంజనీరుగారు వంటిల్లు మార్పించాలనుకున్నారు. ఎన్ని ప్లాన్లు చూపించినా పెదవి విరుస్తున్నారు. ప్రతిసారీ ఇంకో అల్మారా పట్టే చోటు ఒకటి ఆయన కంటికి ఆనుతుంది. విసిగిపోయి ఈసారి కంపెనీ యజమానురాలే స్వయంగా బయల్దేరింది. "ఇవాళ ఆయన్ని ఒప్పిస్తే షోరూమ్‌కు మేనేజరు మీరే. లేదంటే మళ్ళీ టేపు పట్టుకుని కొలతలకే వెళ్దురుగాని," అని ముందే తేల్చి చెప్పింది. మేనేజరుకు కుర్చీ ఉంటుంది, ఫ్యాను కింద. కొలతలు తీసేవాడికి మోకాళ్ళ నొప్పులుంటాయి.

ఇంజనీరుగారి హాల్లో గోడంత టీవీ ఉంది. అల్మారాలాయన ట్యాబ్లెట్‌ను దానికి కలపగానే వంటింటి ప్లాన్ మొత్తం తెర మీద ప్రత్యక్షమైంది. యజమానురాలు తృప్తిగా తలాడించింది. ఇంజనీరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయన భార్య అందరికీ టీ ఇచ్చి, ఎప్పటిలాగే గుమ్మం పక్కన నిలబడింది. ఇన్ని ప్లాన్లలో ఆవిడ గొంతు ఎవరూ విన్నది లేదు. వంటిల్లు ఆవిడది, మాటలు ఆయనవి.

"ఈసారి అంగుళం కూడా వదల్లేదు సార్. కిటికీని సగం దాకా మూసి అక్కడ కూడా అల్మారా పెట్టించాను," అన్నాడు అల్మారాలాయన.

"అదీ మాటంటే!" అన్నారు ఇంజనీరుగారు.

ఆ మాట పూర్తవుతుండగానే పొయ్యి పైనున్న అల్మారా మాయమైంది.

"అదేమిటి?" అన్నారాయన.

దాని పక్కది కూడా మాయమైంది. తర్వాత ఎదుటి గోడకున్న వరసలోవన్నీ ఒక్కొక్కటిగా, ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోయాయి. తన ఒంటిగదిలో కూర్చుని బావమరిది లాప్‌టాప్‌లోని ప్లాన్ తెరిచి, అందులోంచి పాత సామాను తీసేస్తున్నాడని అల్మారాలాయనకు అప్పటికి వెలిగింది.

"ఇది... ఇది కొత్త సౌకర్యం సార్. ముందు గది ఖాళీగా ఎలా ఉంటుందో చూపిస్తుంది," అన్నాడు నీళ్ళు నములుతూ.

"ఖాళీ గది నా దగ్గర ఇప్పుడే ఉంది కదయ్యా! దానికి మీరెందుకు?"

అల్మారాలాయన వెనక్కి తెచ్చే గుర్తు నొక్కాడు. అల్మారా తిరిగొచ్చింది. అవతల ఉపకారి ఈ లాప్‌టాప్‌కు ముసలితనం వచ్చిందనుకుని దాన్ని మళ్ళీ తీసేశాడు. ఈయన పెట్టాడు. అతను తీశాడు. టీవీలో అల్మారా దోబూచులాడుతుంటే యజమానురాలి కనుబొమలు పైకి లేచి అక్కడే ఆగిపోయాయి. బావమరిదికి ఫోన్ చేద్దామంటే, అతను ఇంటర్నెట్ కోసం ఆ ఫోన్‌ను కిటికీ అంచున పెట్టి మరిచిపోయాడు. మోగి మోగి ఊరుకుంది.

అల్మారాలాయన బల్ల కింద చెయ్యి పెట్టి భార్యకు మెసేజ్ కొట్టాడు: "మీ తమ్ముణ్ణి ఆపు."

ఈలోగా ఖాళీ అయిన వంటింట్లో, కిటికీ పక్కన, ఒక వాలుకుర్చీ వెలిసింది. దాని ఎదురుగా చిన్న బల్ల వచ్చింది. ఆ తర్వాత, పొయ్యి ఉండాల్సిన చోటికి కాస్త ఇటుగా, దిండుతో సహా ఒక మంచం వచ్చి పడింది.

"వంటింట్లో మంచమా!" అని ఇంజనీరుగారు లేచి నిలబడ్డారు.

అదే క్షణంలో ట్యాబ్లెట్‌కు వీడియో కాల్ వచ్చింది. అల్మారాలాయన దాన్ని కట్ చేయబోయి కంగారులో ఇంకోటి నొక్కాడు. తెరలో ఒక మూల ఆయన భార్య మొహం ప్రత్యక్షమైంది.

"ఏమండీ, తమ్ముణ్ణి ఎక్కడ ఆపమంటారు? వాడెప్పుడో వెళ్ళిపోయాడుగా!" అని, హాల్లో జనాన్ని చూసి నాలిక్కరుచుకుంది. "అయ్యో, నమస్కారమండీ."

"ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది గుమ్మం దగ్గరి నుంచి ఇంజనీరుగారి భార్య.

"ఆయన భార్యనండీ. లాప్‌టాప్ కూడా పట్టుకెళ్ళమని పొద్దున లక్షసార్లు చెప్పాను. వింటేగా!"

"వినరమ్మా. నువ్వు చెప్పడం ఎందుకూ, ఆయాసం తప్ప."

భూమి చీలితే బాగుండునని అల్మారాలాయనకు అనిపించింది. తల కొట్టేసినట్టయింది. మేనేజరు కుర్చీ, దాని మీద ఫ్యాను కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. "వాడు లాప్‌టాప్‌లో నా ప్లాన్ తీసేస్తున్నాడే! తీయొద్దని చెప్పు, ఏదో ఒకటి చెయ్యి!" అన్నాడు. భార్య ఇంకో ఫోన్ అందుకుని తమ్ముడికి మోగిస్తూనే ఉంది.

"ఇక చాలు. నాకు మంచాలు అమ్మే కంపెనీ అక్కర్లేదు," అన్నారు ఇంజనీరుగారు.

"మీరు కూర్చోండి," అంది ఆయన భార్య.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఇంజనీరుగారు ఏమనుకున్నారో, కూర్చున్నారు. ఆవిడ గుమ్మం వదిలి టీవీ దగ్గరికొచ్చి, కిటికీ పక్కనున్న కుర్చీని వేలితో చూపించింది.

"నాకు ఇది కావాలి. పెళ్ళయినప్పటి నుంచీ వంటింట్లో నిలబడే ఉన్నాను. ఇక్కడ కూర్చుని కూరలు తరుక్కుంటూ బయటికి చూడాలని ఉంది. మీరేమో ఆ కిటికీ కూడా మూసేస్తున్నారు. ఇన్ని డబ్బాలు పెట్టి వాటిలో ఏం దాస్తాం, ఉన్నది ఇద్దరం!"

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నారు ఇంజనీరుగారు, మెల్లగా.

"మీరెప్పుడు అడిగారు?"

యజమానురాలి కనుబొమలు దిగివచ్చాయి. అల్మారాలాయన ఊపిరి పీల్చుకోబోతుండగా పొయ్యి పైన టపీమని అల్మారా వచ్చింది. ఆ వెంటనే దాని పక్కది వచ్చింది. అక్క ఫోన్ అందుకున్న ఉపకారి, తెలియక బావకు చేసిన అపకారాన్ని ఆగమేఘాల మీద సరిదిద్దేస్తున్నాడు. అల్మారాలు ఒక్కొక్కటే కిటికీ వైపు కదిలి వస్తున్నాయి.

"వద్దు! పెట్టొద్దని చెప్పు!" అని అరిచాడు అల్మారాలాయన.

"ఇప్పుడేగా తీయొద్దన్నారు! ఇప్పుడు పెట్టొద్దంటారు. ఏదో ఒక మాట మీద ఉండండి!" అంది టీవీలోంచి భార్య.

"కుర్చీ ముట్టుకోవద్దని చెప్పమ్మా మీ తమ్ముడికి!" అని ఇంజనీరుగారి భార్య కూడా గొంతు కలిపింది.

ఆ కబురు చేరేసరికి కుర్చీ సగం తెర బయటికి వెళ్ళిపోయింది. ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. ఇంజనీరుగారి భార్య మొహం విచ్చుకుంది. ఆవిడ నవ్వితే ఎలా ఉంటుందో అల్మారాలాయన మొదటిసారి చూశాడు.

"మరి ఆ మంచం?" అన్నారు ఇంజనీరుగారు, ఇంకా తేరుకోలేక.

"అది మీకు. ఎలాగూ వంట అయ్యేదాకా నా నెత్తిన నిలబడి సలహాలిస్తారు. పడుకుని ఇద్దురుగాని."

ఇంజనీరుగారు మంచం ఒక్కటీ తీయించి, మిగతాదానికి సంతకం చేశారు.

మెట్లు దిగుతూ యజమానురాలు అడిగింది, "నిజం చెప్పండి. ఆ కుర్చీ ఎవరి ఆలోచన?"

ట్యాబ్లెట్‌దని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, అప్పటికే అవి బాగా ఎర్రగా ఉన్నాయి. "మా బావమరిదిదండీ. మన ప్లాన్‌లో తన గది సర్దుకుంటున్నాడు," అన్నాడు.

ఆవిడ మెట్ల మీదే ఆగి వెనక్కి తిరిగింది. "మాటంటే మాటే. మేనేజరు మీరే, కుర్చీలో కూర్చోండి. ప్లాన్ల జోలికి మాత్రం వెళ్ళకండి. వాటికోసం రేపు అతన్ని రమ్మనండి."

ఆయన ఇల్లు చేరేసరికి ఆ వార్త ముందే చేరిపోయింది. తమ్ముడికి ఉద్యోగం, మొగుడికి కుర్చీ దొరికిన సంతోషంలో భార్య ఎదురొచ్చి సంచి అందుకుంది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, ఓసారి తలుపు మూల వైపు చూసింది.

"ఇంతకీ ఏం తేలింది? మీ ట్యాబ్లెట్ ఉంటే లాప్‌టాప్ అక్కర్లేదా?"

అల్మారాలాయన చెప్పులు విడిచి, పరువు నిలబెట్టుకునే మాట కోసం వెతుక్కుని, మొత్తానికి పట్టుకున్నాడు.

"అక్కర్లేదు. అది మీ తమ్ముడి దగ్గరుంటే చాలు."