ఇస్సాత్ చెప్పని ఎర్రతాడు పాఠం

ఆ శనివారం ఇస్సాత్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఊరి నుంచి అవతలి ఒడ్డు దాకా, గడ్డకట్టిన సరస్సు మీద దారికి గుర్తుకర్రలు పాతాలి. పదకొండింటికి ఆ ఒడ్డున ఊరందరికీ మంచు మీద జారుతూ పోయే మోటారు స్కూటర్ల భద్రత గురించి పాఠం చెప్పాలి. ఉత్తరాది మంచుదేశంలో, కౌతుకైనో చుట్టుపక్కల రెయిన్‌డీర్లు మేపుకునే ఆ ఊరికి పదకొండేళ్ళుగా భద్రతా పెద్ద అతనే. ఈసారి జిల్లా ఆఫీసు నుంచి తూరిల్ గారు స్వయంగా వస్తున్నారు. పాఠం నచ్చితే చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళకీ ఇస్సాత్‌నే గురువుగా వేస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి నిద్ర లేదు.

అతని పాఠమంతా ఒక్క ఎర్రతాడు గురించే. ఒక కొస నడిపేవాడి కోటుకి, రెండోది ఇంజన్‌కి. మనిషి కిందపడితే తాడు ఊడి, ఇంజన్ చచ్చినట్టు ఆగుతుంది. తాడు కోటుకి తగిలించుకోని వాణ్ణి ఇస్సాత్ నలుగురిలో నిలబెట్టి దులిపేసేవాడు. బావమరిది మత్తీస్‌నైతే పెళ్ళి విందులో కూడా వదల్లేదు.

కానీ కర్రలు పాతే పని వేరు. యాభై అడుగులకోసారి దిగాలి. దిగినప్పుడల్లా తాడు ఊడుతుంది, ఇంజన్ ఆగుతుంది, ఆ చలిలో మళ్ళీ స్టార్టవడానికి నానా గోల చేస్తుంది. "ఎవడు చూడొచ్చాడులే" అనుకుని ఇస్సాత్ కోటుకి తగిలించాల్సిన కొసని హ్యాండిల్‌కే కట్టేశాడు.

సరస్సు సగం దాటాక స్కూటర్ అడుగు మంచుకి అతుక్కుంది. పక్కన నిలబడి, బండిని ఊపుతూ, బొటనవేలితో యాక్సిలరేటర్ నొక్కాడు. బండి ఊడొచ్చింది. యాక్సిలరేటర్ మాత్రం గడ్డకట్టి, నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. ఇస్సాత్ చేతిలో ఒక కర్ర మిగిలింది.

"ఆగవే! ఒసేయ్, నిన్నే!" అని మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తాడు. అది వింటేనా? మిగతా కర్రలున్న, చక్రాల్లేని జారుడు బల్లబండిని వెనకేసుకుని అవతలి ఒడ్డుకి దూసుకుపోయింది. సరస్సు దాటకుండా ఒడ్డు వెంబడే తిరిగి వచ్చి, అప్పటికే చేరిన జనం హాహాకారాలతో చెదిరిపోయారు. స్కూటర్ తిన్నగా మారిత్ అత్త మాంసం చారు కాస్తున్న గుడారంలో ఒకవైపు దూరి, రెండోవైపు బయటికొచ్చి, బండరాయికి గుద్దుకుని ఆగింది. మారిత్ అత్త అప్పుడే కట్టెల కోసం ఇవతలికి వచ్చింది.

"మనిషేడీ?" అన్నారెవరో. ఒడ్డంతా గొల్లుమంది. "మంచు పగిలి నీళ్ళలో పడిపోయాడ్రోయ్!"

ఇదంతా దూరం నుంచి చూసిన ఇస్సాత్‌కి తల కొట్టేసినట్టయింది. మంచు దిబ్బ చాటున బోర్లా పడుకున్నాడు, నమ్మదగ్గ కథ ఒకటి అల్లుకున్నాక లేద్దామని. కానీ అది అతని దగ్గర పాఠం నేర్చుకున్న ఊరు. నిచ్చెనా మోకులూ పట్టుకుని, బరువు ఒకచోట పడకుండా, నలభై మందీ బోర్లా పాకుతూ బయల్దేరారు. కింద మంచు లారీ వెళ్ళేంత మందం. అయినా ఒక్కరూ లేవలేదు. లేవకూడదని చెప్పింది అతనే.

"ఇస్సాత్! పలకవయ్యా! ఒక్కసారి పలుకు!" అని భార్య రిస్టిన్ ఏడుస్తోంది. ఆ గొంతు విన్నాక ఇక కథ అల్లబుద్ధి కాలేదు. లేచి నిలబడి "బానే ఉన్నా" అన్నాడు.

నలభై తలలు పైకి లేచాయి. వాళ్ళ వెనక తూరిల్ గారు చప్పట్లు కొట్టారు. "అద్భుతమండీ! తాడు లేకపోతే ఏమవుతుందో కళ్ళకు కట్టించారు! ఎవరికీ ముందు చెప్పకుండా రక్షించడం కూడా సాధన చేయించారు!"

అందరూ చప్పట్లు కొట్టారు. "నువ్వు మామూలోడివి కాదు బావా!" అని మత్తీస్ భుజం చరిచాడు. ఇస్సాత్ నవ్వాడు. నవ్వినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రిస్టిన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. "అంటే కావాలనే ఏడిపించావా నన్ను?" అంది నెమ్మదిగా.

"ఊరుకోవే," అంది మారిత్ అత్త. ఆమె భర్త ఇరవయ్యేళ్ళ కిందట స్కూటర్ ప్రమాదంలోనే పోయాడు. "నేను గుడారంలోంచి బయటికొచ్చాకే బండి వదిలి ఉంటాడు. చూసుకోకుండా చేస్తాడా మన ఇస్సాత్?"

ఇస్సాత్‌కి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "చూసుకోలేదత్తా," అన్నాడు. "దిగి ఎక్కే బద్ధకానికి తాడు హ్యాండిల్‌కి కట్టాను. నువ్వు లోపలే ఉంటే నా చేతిలో పోయేదానివి. రిస్టిన్, సిగ్గేసి దాక్కున్నానే. పాఠమూ లేదు, గీఠమూ లేదు."

తిట్లు పడతాయని తల వంచుకున్నాడు. తిట్టే బదులు అందరూ ఒకరి చాటుకొకరు జరిగారు. మత్తీస్ అయితే తన బూట్ల వైపే చూస్తున్నాడు. తూరిల్ గారికి అనుమానం వచ్చి, అందరినీ వెంటబెట్టుకుని ఒడ్డున వరసగా నిలిపిన స్కూటర్ల దగ్గరికి నడిచారు. మొత్తం పందొమ్మిది. పద్దెనిమిదింటి తాళ్ళు హ్యాండిళ్ళకే కట్టి ఉన్నాయి. మారిత్ అత్త తాడొక్కటే ఆమె కోటుకి ఉంది.

"ఇక నుంచి పాఠం మారిత్ గారు చెబుతారు," అన్నారు తూరిల్ గారు. తొమ్మిది ఊళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.

"ఇక నుంచేంటి, ఇప్పుడే," అంది మారిత్ అత్త. "తాళ్ళు కోట్లకి తగిలించండి. మిగిలిన కర్రలు పాతుకుంటూ ఊరికి పదండి. ఒక్కో చోట ఒక్కొక్కరు కాదు, అందరూ దిగాలి."

రిస్టిన్ తన బండి స్టార్ట్ చేసి, "వెనకెక్కు" అంది మొగుడితో.

"నడుస్తాలే."

"నడు మరి."

యాభై అడుగులకోసారి పందొమ్మిది ఇంజన్లు ఆగాయి, దగ్గాయి, మూలిగాయి, ఎప్పటికో స్టార్టయ్యాయి. తల వంచుకుని నడిచిన ఇస్సాత్ అందరికంటే గంట ముందు ఇల్లు చేరాడు.