సోలోగారి రెండో చరణం

పక్కవాడు నడిపే బండికి తాను బ్రేకు వేయడం సోలోగారి వృత్తి. కారు నడపడం నేర్పే గురువు కనుక ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. ఇంట్లో మాత్రం బండి ఆయనది, బ్రేకు భార్యది.

ఆ భార్య ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేసేది. ఊరిలో సగంమంది చెవుల సంగతి తేల్చి చెప్పిన ఆ ఇల్లాలికి, ఇంట్లో ఉన్న ఒక్క జత చెవులు మాత్రం ఇన్నేళ్ళయినా లొంగలేదు.

సోలోగారన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వయసులో ఉండగా ఆయన నలుగురు స్నేహితులతో కలిసి ఒక పాప్ రాక్ పాట రికార్డు చేశాడు. పాట పేరు "మలుపు దగ్గర ఆగు". అందులో ఆయన గిటారు సోలో మొదలయ్యాక డ్రమ్ములవాడు బయటికి వెళ్ళి, టీ తాగి, తీరిగ్గా తిరిగి వచ్చినా ఇంకా మలుపు రాలేదట. ఆ పేరు అలా స్థిరపడింది.

పాటకు వరస కట్టినది మాత్రం భార్య. కొత్త కాపురం రోజుల్లో ఆయన తప్పుగా కూనిరాగం తీస్తుంటే వినలేక దిద్దింది. దిద్దగా దిద్దగా ఆయనదంటూ ఒక్క స్వరమూ మిగల్లేదు. అయినా క్యాసెట్టు అట్ట మీద "సంగీతం" అన్నచోట పడినది ఆయన పేరే. ఆమె అప్పుడేమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టేనని మగవారికి ఏ బడిలో నేర్పుతారో కాని, అందరూ అందులో మొదటి తరగతిలోనే ఉత్తీర్ణులవుతారు.

ఇన్నాళ్ళకు ఆ పాటకు ప్రాణం లేచి వచ్చింది. సోలోగారి చెల్లెలి కూతురు పాత పాటలను డాన్సు రీమిక్సులుగా మారుస్తుంది. పాటల్ని గిర్రున తిప్పి పిండి చేస్తుందని మేనమామ ఆమెకు పెట్టిన పేరు మిక్సీ.

"మామయ్యా, నీ పాట రీమిక్స్ చేస్తున్నా. ఆదివారం అత్తయ్య వెళ్ళే డాన్సు క్లాసు వాళ్ళు దానికే ఆడతారు" అంది మిక్సీ.

"నా సోలో?"

"తీసేశా."

"మొత్తమా!"

"ఆడేవాళ్ళు మధ్యలో కూర్చుని కునుకు తీస్తే బాగోదు కదా మామయ్యా."

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇంకో మాట. పాట పొట్టిదైపోయింది. కొత్త వరసలో రెండో చరణం కావాలి. చివర తెర మీద పేరు కూడా వేస్తాం. సంగీతం ఎవరని వెయ్యను?"

"అదేం ప్రశ్న? నేనే!"

"అయితే చరణం కూడా నువ్వే కట్టివ్వు" అని ఆ పిల్ల చక్కా పోయింది.

సోలోగారు అటక మీది గిటారు దింపి దానితో కుస్తీ పట్టాడు. గిటారు గెలిచింది.

భార్యను అడగవచ్చు. అడిగితే ఇస్తుంది కూడా. కాని అడిగి తీసుకున్నదానికి పేరు పంచవలసి వస్తుంది. అందుచేత ఆయన పాత ఉపాయమే మళ్ళీ పన్నాడు. జేబులో ఫోనును రికార్డింగులో పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడి, పాటకు ఎంత అన్యాయం చేయవచ్చో అంతా చేస్తూ కూనిరాగం ఎత్తుకున్నాడు.

"ఏమిటండీ ఆ చప్పుడు, పెరటి తలుపా?" అంది భార్య.

"పాట."

"ఎవరి మీద కోపం?"

"ఊరికే, నోటికొచ్చింది. లా... లలలా..."

"అక్కడ దిగకూడదు. ఎక్కాలి."

"ఇలాగా?" అని ఆయన ఇంకాస్త దిగాడు.

"అలా కాదండీ! బాల్చీ జారినట్టు బావిలోకి దిగిపోతారేం? ఇదిగో, ఇలా..." అని చేతిలో చాకు పక్కన పెట్టి ఆమె పాడింది.

ఆయన మళ్ళీ చెడగొట్టాడు, ఆమె మళ్ళీ బాగుచేసింది. గిన్నెలు కడగడం అయ్యేసరికి చరణమూ అయింది. అప్పుడామె కుళాయి కట్టేసి, ఆయన జేబు వంక ఒకసారి చూసి, నెమ్మదిగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సోలోగారు అలవాటు చొప్పున "ఊఁ... ఊఁ..." అంటూనే, ఆదివారానికి ఏ చొక్కా తొడుక్కోవాలో నిర్ణయించుకున్నాడు.

కారులో కూర్చుని రికార్డింగు పెట్టుకున్నాడు. వరస అమోఘం. అది ముగిసి భార్య మాటలు మొదలు కాగానే, "ఇహ ఉపన్యాసం" అని ఆపేసి, ఉన్నదున్నట్టు మేనకోడలికి పంపాడు. "మధ్యలో మీ అత్తయ్య చప్పుళ్ళుంటాయి, పట్టించుకోకు" అని ఒక సలహా కూడా జతచేశాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. సోలోగారు ఇరుగుపొరుగునే కాక, ఇంకా బండి వెనక్కి తిప్పడం రాని ఇద్దరు శిష్యులను సైతం వెంటబెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. వేదిక మీద డాన్సు క్లాసు ఆడవాళ్ళు బారులు తీరారు. నడుమ భార్య.

డ్రమ్ములు దద్దరిల్లాయి. మొదటి చరణం బాగానే గడిచింది. రెండోది మొదలైంది.

"అలా కాదండీ! అలా కాదండీ! ఎక్కాలి, ఎక్కాలి, ఎక్కాలి!"

ఆడవాళ్ళందరి చేతులూ ఒక్కసారిగా నిచ్చెన ఎక్కాయి.

"బావిలోకి దిగిపోతారేం? దిగిపోతారేం?"

అందరూ గుంజీలు తీసినట్టు దిగారు. నడుమ నడుమ సోలోగారి తప్పుడు కూనిరాగం, యంత్రంలో పడి, తప్పిపోయిన మేకపిల్ల అరుపులా వినిపిస్తోంది. శిష్యులు ఈలలు వేశారు. ఆయన కుడికాలు తనంతట తానే నేలను బలంగా తొక్కింది. హాలుకు బ్రేకు లేదు.

అంతలో వాద్యాలన్నీ ఆగి, భార్య గొంతు ఒక్కటే నెమ్మదిగా వినిపించింది.

"జేబులో ఫోను కనబడుతూనే ఉందండీ. అప్పుడూ ఇలాగే పాడించుకున్నారు. అట్ట మీద నా పేరు వేశారేమోనని క్యాసెట్ల కొట్టు ముందు నిలబడి చూసుకుని వచ్చాను. మీకు చెప్పలేదు. ఈసారైనా వేస్తారా? వింటున్నారా?"

"ఊఁ... ఊఁ..." అంది సోలోగారి గొంతు.

ఆ ఊఁ మీదే డ్రమ్ములు మళ్ళీ విరుచుకుపడ్డాయి. "ఊఁ! ఊఁ! ఊఁ! ఊఁ!" హాలంతా లేచి ఆడింది. ఆడనిది సోలోగారొక్కరే. భార్య మాట చివరిదాకా వినడం ఆయనకు అదే మొదటిసారి.

పాట ముగిసింది. తెర మీద "సంగీతం" అన్న మాట, దాని పక్కన ఖాళీ.

"మామయ్యా, పేరు నువ్వే చెప్పు" అని మిక్సీ మైకు అందించింది.

ఆయన లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ" అన్నాడు.

"అదేం పేరు మామయ్యా?"

ఆయన తల వంచుకుని, పుట్టింటి ఇంటిపేరుతో సహా, భార్య పూర్తి పేరు చెప్పాడు.

ఆమె వేదిక మీద ఆయాసం తీర్చుకుంటూ, "ఇంకోసారి చెప్పండి. వెనకవాళ్ళకు వినబడలేదు" అంది.

ఆయన గోడలు మోగేలా చెప్పాడు. తెర మీద పేరు పడింది. చప్పట్లు సద్దుమణిగాక, మైకు చేతిలోనే ఉందన్న సంగతి మరచిపోయి, "మరి నాకేం లేదుటే?" అని మేనకోడలిని అడిగాడు.

"నీ గిటారు తీసేశాగా మామయ్యా."

"పాపం, వెయ్యవే" అంది భార్య. "ఆయన తప్పు పాడకపోతే నేను దిద్దేదాన్నే కాదు. ఆయన వాటా ఆయనకివ్వడం న్యాయం."

మిక్సీ కంప్యూటరు మీద టకటకా కొట్టింది. తెర మీద రెండో వరస పడింది.

"తప్పులు: మామయ్య."

హాలు పడీపడీ నవ్వింది. సోలోగారు కళ్ళజోడు సర్దుకుని ఆ వరసను రెండుసార్లు చదువుకున్నాడు. మేనకోడలి దగ్గరికి వంగి, ఈసారి మైకును జాగ్రత్తగా దూరం పెట్టి, "అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యవే" అన్నాడు.