మూత మీది పేరు

చనిపోవడం ఎవరికైనా చేతనవుతుంది. చనిపోయినవారి వస్తువును ఇంటికి తెచ్చుకోవడానికే యోగ్యత కావాలి. ఈ సత్యాన్ని మద్రాసు మహాజనులకు బోధించడానికే జార్జిటౌనులో గోనెసంచుల నియంత్రణ కార్యాలయం వెలిసింది. (సంచులను నియంత్రించడం దాని ఉపవృత్తి.)

ట్రాములు ఆగిపోయిన ఏడాది, ఆ కార్యాలయం గుమాస్తా వెంకటపతి మధ్యాహ్న భోజనానికి కాస్త ముందు బల్ల మీద తల వాల్చి, మళ్ళీ ఎత్తలేదు. (విరామానికి ముందే విశ్రమించినందుకు సంజాయిషీ అడిగారు గాని, జవాబు రాకపోవడంతో ఆ విషయం అంతటితో వదిలేశారు.) ఆయన గొడుగు, చెప్పులు, విప్పని టిఫిన్ క్యారియర్ లక్కముద్ర వేయించుకుని బీరువాలోకి వెళ్ళాయి.

కర్మలన్నీ ముగిశాక భార్య అలివేలు పెరంబూరు నుంచి వచ్చింది. గొడుగూ చెప్పులూ మీరే ఉంచుకోండి, క్యారియర్ ఇస్తే చాలంది. ఆ ఇత్తడి క్యారియర్ కొన్ననాడు, మూత మీద ఎవరి పేరు కొట్టమంటారని అంగట్లో అడిగితే వెంకటపతి "అలివేలు" అన్నాడు. ఆయన నోట తన పేరు రావడం ఆమె విన్నది ఆ ఒక్కసారే.

సూపరింటెండెంటు భాష్యంగారు మర్యాదస్తులు. ఆమెను కూర్చోబెట్టి చిక్కెక్కడుందో వివరించారు. మృతుడి వస్తువు మృతుడి భార్యకు చెందుతుంది. కాని ఈ వస్తువు మీద అలివేలు అని ఉంది. కనుక ఇది మృతుడిది కాదు. అలివేలు అనే మూడో మనిషిది.

"నేనేనయ్యా అలివేలును," అంది ఆమె.

కావచ్చునన్నారు భాష్యంగారు. కాని రేషను కార్డు మొదలు మరణ పత్రం దాకా ఆమె ప్రతిచోటా "వెంకటపతి భార్య" మాత్రమే. అలివేలు అని రాసి ఉన్న ఆధారం ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది బీరువాలో లక్కముద్ర కింద ఉంది. అలివేలు ఎక్కడున్నా వెంటనే హాజరు కావాలని గోడకు నోటీసు అంటించారు. ఆమె వచ్చినప్పుడల్లా దాని కిందే బెంచీ మీద కూర్చునేది.

ఈలోగా క్యారియర్‌లోని పెరుగన్నం తన ఉనికిని చాటుకోసాగింది. పరాయి స్త్రీ వస్తువును తెరవడం సభ్యత కాదు గనుక, ఆఫీసే వరండాలోకి మారింది. (సిబ్బందికి గాలీ వెలుతురూ కల్పించినట్టు వార్షిక నివేదికలో చేర్చారు.)

చివరికి, మృతుడు భార్యను ఏమని పిలిచేవాడో తెలిసిన సాక్షిని తెమ్మన్నారు. పక్కింటి చెంగమ్మ వచ్చింది.

"గోడకవతలే గదా సార్ నేనుండేది, నాకు తెలీదా? 'ఏమే' అంటాడు. కోపమొస్తే రెండుతూర్లు అంటాడు."

"అలివేలు అని?"

"ఆ మనిషా? ఏ జన్మలో?"

మృతుడి భార్య పేరు "ఏమే" అని నమోదయింది. నోటీసుకు ఏ అలివేలూ హాజరు కాలేదు గనుక, ఇక పొరపాటు మనిషిలో లేదు, మూతలో ఉందని తేలింది. నిర్ధారణ కోసం నమోదైన పేరును మూడుసార్లు పిలవాలి. ప్యూను ఏకాంబరం వరండా చివర నిలబడి పిలిచాడు. బెంచీ మీద అలివేలు కునుకు తీస్తోంది. రెండోసారీ ఎవరూ పలకలేదు. మూడోసారి అతనికి అలవాటైన గొంతు వచ్చింది. (అతనూ సంసారే.)

"ఏమే..."

"వస్తా ఉండా," అంటూ అలివేలు లేచి, కొంగు సర్దుకుని రెండడుగులు వేసింది. అప్పుడు ఆగింది.

భాష్యంగారు, గుర్తింపు రుజువైనదని రాశారు.

మూత మీది తప్పు సరిదిద్దనిదే వస్తువు గడప దాటరాదు. పాత్రల మీద పేర్లు కొట్టే పళనిని పిలిపించి, "అలివేలు" మీద అడ్డగీత కొట్టించి, పైన "ఏమే" అని చెక్కించి, పక్కన భాష్యంగారి పొట్టి సంతకం కూడా ఉలితోనే వేయించారు.

అలివేలు మూతను కొంగుతో తుడిచి వెలుతురుకు పట్టి చూసుకుంది. కొట్టివేసిన అక్షరాలు కింద స్పష్టంగా కనిపిస్తూనే ఉండాలని నిబంధన. ఆ కార్యాలయం నిబంధనల్లో ఆమెకు పనికొచ్చింది అదొక్కటే.