చెరసాల అధికారి ఇంట్లో ఉయ్యాల

బాప్తిస్మం లేని ఆడపిల్ల ఒకతి ఇంట్లో ఉండడాన్ని మించిన దీవెన ఏ కుటుంబానికైనా ఉంటుందా? నవ్వకండి! పదిహేనేళ్లుగా మా ఇంట్లో ఆ దీవెనను నేనే. కాబట్టి దీని గురించి మాట్లాడే అర్హత నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

ముందు మా వాళ్లను పరిచయం చేస్తాను. మా నాన్నకు నాన్న వడ్రంగి. ఆయన్ని ఉలి తాతయ్య అంటాను. వాళ్ల చర్చిలో బిడ్డకు మెడ నిలవకముందే నెత్తిన మూడు చుక్కలు చల్లి బాప్తిస్మం ఇచ్చేస్తారు. మా అమ్మకు నాన్న గడియారాలు బాగు చేస్తారు. ఆయన గడియారం తాతయ్య. వాళ్ల చర్చిలో మనిషి పెరిగి, బుద్ధి తెలిశాక, తొట్టినిండా నీళ్లు పెట్టి నిలువునా ముంచి లేపుతారు. ఈ చర్చి అబ్బాయి, ఆ చర్చి అమ్మాయి పెళ్లి చేసుకున్నారు. అంతవరకు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తరువాత నేను పుట్టాను!

నేను పుట్టిన మూడో వారం మొదలైన చర్చ మొన్న ఆదివారానికి కూడా తేలలేదు. ఇన్నేళ్లు నడిచిన సీరియల్ ఏ టీవీలో ఉంది? అదీ యాడ్స్ లేకుండా!

వియ్యంకులు మామూలుగా ఎన్నిసార్లు కలుస్తారు? పెళ్లికోసారి, ఆస్పత్రిలో మంచం పక్కన ఒకసారి. మా ఇంట్లో మాత్రం ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికల్లా టేబుల్‌కు అటొకరు, ఇటొకరు హాజరు. ఉలి తాతయ్య చెవి మీది పెన్సిల్ ఆదివారం కూడా దిగదు. గడియారం తాతయ్య బైబిల్ వాక్యం చదివేటప్పుడు సైతం కంటికి ఆ చిన్న భూతద్దం బిగిస్తారు. నా తల అప్పుడే తడిసి ఉంటే వీళ్లిద్దరూ ఈపాటికి ఒకరి ముఖం ఒకరు మరిచిపోయేవారు కాదూ?

వాదన ఎక్కువగా ఒక చెరసాల అధికారి దగ్గర ఆగుతుంది. వాక్యంలో ఆయన నమ్మాడు, ఇంటివారందరితో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఇంటివారిలో పసిబిడ్డ ఉందా, లేదా? ఉంటే ఉలి తాతయ్య గెలిచినట్టు, లేకపోతే గడియారం తాతయ్య.

"ఇల్లన్నాక పసిబిడ్డ ఉండదా బావగారూ? బిడ్డ ఉంటే ఉయ్యాల ఉండదా?" అంటారు ఉలి తాతయ్య.

"ఆ ఉయ్యాల మీరు చూశారా?"

"చూడక్కర్లేదండీ. నలభై ఏళ్ల నుంచి ఉయ్యాలలు చేస్తున్నా. ఏ ఇంట్లో ఉంటుందో గుమ్మం చూసి చెబుతా."

"ఆయనకు అరవై దాటి ఉంటే?"

"మనవలుండరా?"

"ఉంటారు. కోడలు వాళ్లను తీసుకుని పుట్టింటికి వెళ్లింది!"

ఆ కోడలు పదిహేనేళ్లుగా పుట్టింట్లోనే ఉంది. పాపం, ఆవిడ కాపురం ఏమైపోతుందోనని నాకు అప్పుడప్పుడు దిగులు వేస్తుంది. ఉయ్యాల మాత్రం ఏడాదికేడాది బాగుపడుతోంది. మొదట్లో మామూలు చెక్కది. ఇప్పుడు టేకు కాళ్లు, చెక్కిన చిలకలు వచ్చాయి. పోయిన నెల దోమతెర కూడా కట్టారు.

చదువుకు కూడా ఇదెంత మేలు! నా వయసు పిల్లలు ఘనపరిమాణం లెక్కలకు ట్యూషన్‌కు పోతారు. నేను ఆరేళ్లప్పుడే నా ఎత్తు మనిషి మునగాలంటే ఎన్ని బకెట్లు పట్టాలో చెప్పేదాన్ని. భాష మీద అదుపు కూడా వచ్చింది. 'పాల ముంచినా నీట ముంచినా' అనే మాట మా ఇంట్లో నిషేధం. ఒక పక్షానికి ప్రచారం అవుతుందట!

ఒకసారి కుళాయి బాగు చేయడానికి వచ్చిన ప్లంబర్‌ను కూర్చోబెట్టి, నాలుగు చుక్కలు పడితే తడిసినట్టా, పూర్తిగా మునిగితేనే తడిసినట్టా అని ఇద్దరూ నిలదీశారు. "లీకయ్యాక రెండూ ఒకటేనండీ" అని ఆయన స్పానర్ కూడా వదిలేసి వెళ్లాడు. మళ్లీ ఇటు రాలేదు. ఉచితంగా స్పానర్ దొరికిందా, లేదా?

ఇక వయసు సంగతి. ఉలి తాతయ్య చర్చిలో నేను ఒళ్లో పట్టే వయసు దాటిపోయాను. గడియారం తాతయ్య చర్చిలో నాకింకా బుద్ధి తెలియలేదు. ఒక వీధిలో ముసలిదాన్ని, పక్క వీధిలో పసిపిల్లను! ఏ ఫేస్‌క్రీమ్ చేయగలదు ఈ పని? మా అత్త 'రెంటికీ చెడ్డ రేవడి' అంటుంది గానీ, అది అసూయ.

నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల, అంటే యేసు పేరిట అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. ఏ చర్చికి వెళ్లినా రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చేసరికి రెక్కలు మొలిచి, నా తల మీదుగా పక్కావిడ చేతుల్లో వాలుతుంది. బాప్తిస్మం లేనివాళ్లు తినకూడదు. ఇందులోనూ లాభమే, గౌను మీద పొడి రాలదు! ఆ సమయంలో నేను నా చెప్పులు చూసుకుంటాను. కుడి చెప్పుకు ఇరవై రెండు కుట్లు, ఎడమదానికి ఇరవై ఒకటి. తరువాత అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దంగా నములుతారు. ఆ ఒక్క నిమిషాన్ని దీవెనగా నిరూపించడం మాత్రం నాకింకా చేతకాలేదు.

అందుకే మొన్న ఆదివారం నోరు విప్పాను. నేను నోరు విప్పడమంటే చిన్న సంగతి కాదు. క్లాసులో హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకునే రకం నేను. అయినా టేబుల్ దగ్గర నిలబడి, "తాతయ్యా, నాకు బాప్తిస్మం కావాలి" అన్నాను.



"చూశారా బావగారూ!" అన్నారు ఉలి తాతయ్య. "అప్పుడే ఇచ్చుంటే బిడ్డకు ఇలా అడుక్కునే గతి పట్టేదా?"

"భలేవారే! ఇన్నాళ్లు ఆగాం కాబట్టే తనంతట తాను అడిగింది. మా పద్ధతి గెలిచినట్టు!"

"అడిగింది నా మనవరాలు, గెలిచింది మీరా?"

"మీకే మనవరాలా? నాకు కాదూ?"

"అది ఏమంటోందో ముందు వినండి నాన్నా" అని అమ్మ వంటగదిలోంచి అరిచింది. నేను ఇంకోసారి "తాతయ్యా" అన్నాను.

"ఉండమ్మా, నీ గురించేగా మాట్లాడుతున్నాం!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. పదిహేనేళ్లలో వాళ్లిద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదలు. ఈ ఐక్యతకు కారణం ఎవరు? నేను!

పాఠకులారా, నేను రెండు చర్చిల్లోనూ వెనక బెంచీలో కూర్చుని చాలా బాప్తిస్మాలు చూశాను. నీళ్ల కొలత వేరు, వయసు వేరు. కానీ నీళ్లకు ముందు పాస్టరుగారు అడిగేది రెండుచోట్లా ఒకటే: "నమ్ముతున్నావా?" పసిబిడ్డ తరఫున అమ్మానాన్నలు చెబుతారు, పెద్దవాళ్లు తామే చెబుతారు. జవాబు ఒక్క మాట. ఆ మాట నేను పదకొండేళ్లప్పుడే డైరీలో రాసుకున్నాను. స్నానాల గదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడు మించేలా పలకడం కూడా నేర్చుకున్నాను.

ఈ సంగతి ఆ రోజే వాళ్లకు చెప్పాను. వచ్చే ఆదివారం చర్చకు విషయం ఖరారైంది: నేను నమ్ముతున్నానో లేదో తెలుసుకోవడం ఎలా? ఇద్దరూ పుస్తకాలు తెస్తామన్నారు.

నన్ను టీ తెమ్మన్నారు.